పశువుల ఆసుపత్రిలో మందులకు లొంగని బాక్టీరియా: ఒక జంతువు నుంచి మరో జంతువుకు, మనుషులకు పాకకుండా ఆపడం ఎలా

గర్భసంచి తొలగించిన ఒక ఆడకుక్కకు అయిదో రోజున కుట్ల దగ్గర చీము పట్టింది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ వేశాము, తగ్గలేదు. మందు మార్చాము, అయినా తగ్గలేదు. రెండు వారాలు తిరగక ముందే చెవికి ఆపరేషన్ చేయించుకున్న మరో కుక్కకు అదే రకం చీము, ఆ తరువాత కాలికి గాయమై వచ్చిన ఒక పిల్లికీ అదే. మూడింటి నుంచి నమూనాలు తీసి పరీక్షకు పంపగా, మూడింటిలోనూ సూడోమోనాస్ అనే బాక్టీరియా ఉన్నదని, మూడు చోట్లా అది అవే మందులకు లొంగడం లేదని నివేదిక వచ్చింది. మూడు జంతువులూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. వాటన్నిటినీ కలిపినది మా డ్రెస్సింగ్ బల్ల మీది స్టీలు డబ్బా. అందులో క్రిమినాశక ద్రావణంలో నానబెట్టిన దూది ఉండేది. దూది అయిపోతున్నకొద్దీ పైన కొత్త దూది వేసి, ద్రావణం తగ్గినకొద్దీ పైనుంచి పోస్తూ వచ్చాము. డబ్బాను పూర్తిగా ఖాళీ చేసి కడిగిన రోజు ఎప్పుడో ఎవరికీ గుర్తు లేదు. గాయాన్ని శుభ్రం చేస్తున్నామనుకుంటూ ప్రతి గాయానికీ మా చేతులతోనే ఆ బాక్టీరియాను పూశాము.

విజయవాడ, గుంటూరు ప్రాంతాలలో రెండు గదుల క్లినిక్ నడిపే పశువైద్యులను, వారి దగ్గర పనిచేసే కాంపౌండర్లను, కట్లు కట్టేవారిని, బోనులు కడిగేవారిని దృష్టిలో ఉంచుకొని దీనిని రాస్తున్నాను. పెంపుడు జంతువుల యజమానులకు, పాడి రైతులకు పనికివచ్చే విషయాలు చివరి భాగాలలో ఉన్నాయి. పెద్ద ఆసుపత్రులకు ఉండే ప్రత్యేక వార్డులు, సొంత ప్రయోగశాలలు మనకు ఉండవు. అయినా చేయగలిగినది చాలా ఉంది, అందులో ఎక్కువ భాగానికి సబ్బు, నీళ్లు, ఓపిక చాలు.

ముందుగా తెలుసుకోవలసినది

యాంటీబయాటిక్ వాడిన ప్రతిసారీ దానికి లొంగే బాక్టీరియా చచ్చిపోతుంది, లొంగనిది మిగిలి పెరుగుతుంది. ఆ లొంగని గుణం పిల్ల బాక్టీరియాలకు వారసత్వంగా వెళ్లడమే కాక, చాలా సందర్భాలలో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క ద్వారా పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా చేరుతుంది. ఒక కుక్క పేగులోని ఇ.కొలై దగ్గరున్న నిరోధక జన్యువు క్లెబ్సియెల్లాకు అందగలదు. కొలిస్టిన్ అనే ఆఖరి వరుస మందును దెబ్బతీసే ఎంసీఆర్-1 జన్యువు ఇలా ప్లాస్మిడ్ మీద ప్రయాణిస్తున్నదని చైనాలో పందుల నుంచి, మాంసం నుంచి, రోగుల నుంచి తీసిన నమూనాలలో 2015లో బయటపడింది. మన దేశంలో ఆహార జంతువులకు, కోళ్లకు, చేపలు రొయ్యల చెరువులకు, మేతలో కలపడానికి కొలిస్టిన్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. ఏ మూల మెడికల్ షాపులోనైనా ఆ పేరున్న పౌడరు పశువులకని ఇస్తే తీసుకోకూడదు.

పశువుల ఆసుపత్రిలో తరచుగా ఇబ్బంది పెట్టేవి కొన్నే. కుక్కల చర్మం మీద సహజంగా ఉండే స్టెఫిలోకాకస్ సూడింటర్‌మీడియస్ మెథిసిలిన్ వర్గం యాంటీబయాటిక్‌లకు లొంగకుండా మారితే దానిని ఎంఆర్‌ఎస్‌పీ అంటారు. ఇది ప్రధానంగా కుక్కల బాక్టీరియా, మనుషులకు అరుదుగా జబ్బు తెస్తుంది. ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ ఆరియస్) మాత్రం ప్రధానంగా మనుషులది. కుక్కకో పిల్లికో ఎంఆర్‌ఎస్‌ఏ కనిపించినప్పుడు అది చాలాసార్లు ఇంట్లోని మనిషి నుంచో, వైద్యం చేసిన మనిషి నుంచో వచ్చినదే. పశువైద్య సిబ్బంది ముక్కులో ఎంఆర్‌ఎస్‌ఏ ఉండడం సాధారణ జనంలో కంటే ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలలో తేలింది. ఇవి గాక పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ వర్గాల మందులను విరగ్గొట్టే ఈఎస్‌బీఎల్ ఎంజైములను తయారుచేసే ఇ.కొలై, క్లెబ్సియెల్లా ఉన్నాయి. పొడి బల్లల మీద వారాల తరబడి బతికి ఉండే అసినెటోబాక్టర్ ఉంది. నీళ్లున్న ప్రతిచోటా కాపురం పెట్టే సూడోమోనాస్ ఉంది.

చేతులు, థర్మామీటరు, దూది

చేతుల విషయం అందరికీ తెలిసినదే అయినా, ఎప్పుడు కడగాలన్న దగ్గరే తప్పు జరుగుతుంది. జంతువును ముట్టుకోవడానికి ముందు, సూది గుచ్చడానికి లేదా కట్టు విప్పడానికి ముందు, రక్తం, చీము, మూత్రం తగిలిన తరువాత, జంతువును వదిలిన తరువాత, దాని బోనునో తాడునో గిన్నెనో ముట్టుకున్న తరువాత కడగాలి. చేతికి మురికి కనబడకపోతే ఆల్కహాల్ హ్యాండ్‌రబ్‌ను 20 నుంచి 30 సెకన్ల పాటు రుద్దుకుంటే సరిపోతుంది. మురికి ఉంటే సబ్బు, నీళ్లతో మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. గ్లౌజులు తొడుక్కున్నంత మాత్రాన చేతులు కడగనక్కరలేదని అనుకోకూడదు, తీసేసిన వెంటనే మళ్లీ కడగాలి. ఉంగరాలు, పెద్ద వాచీ, పొడవాటి చొక్కా చేతులు పని గదిలో ఉండకూడదు. మోచేతి కింద ఏమీ ఉండకూడదని నియమం పెట్టుకుంటే అందరికీ తేలిక. పని మధ్యలో మోగే సెల్‌ఫోను గురించి కూడా ఇదే మాట చెప్పాలి.

థర్మామీటరు మీద నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆసుపత్రిలో ప్రతి జంతువు పేగునూ తాకే పరికరం అదొక్కటే. ఉదయం పార్వో (వైరస్ వల్ల వచ్చే, అంటుకునే వాంతులు విరేచనాల జబ్బు) వచ్చిన కుక్కపిల్లకు పెట్టి, ఒక దూది ముక్కతో తుడిచి, చొక్కా జేబులో వేసుకొని, పదకొండు గంటలకు టీకా కోసం వచ్చిన ఆరోగ్యమైన కుక్కకు పెట్టడం మన దగ్గర సర్వసాధారణం. స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిస్తే చాలదు. మలం అంటుకొని ఉండగా ఆల్కహాల్ పనిచేయదు; మొదట సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, ఆ తరువాత 70 శాతం ఆల్కహాల్‌తో తడిపి, దానంతట అది ఆరనివ్వాలి. దీనికంటే మేలైన పద్ధతి ఒక్కో జంతువుకు ఒక పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేసి తీసేయడం. వాంతులు విరేచనాలతో సెలైన్ మీద ఉన్న ప్రతి జంతువుకూ బోనుకు వేలాడే సొంత థర్మామీటరు ఉండాలి. పార్వో వైరస్ ఆల్కహాల్‌కు చావదు గనుక, ఆ కేసుకు వాడినది ఆ కేసు ముగిసేదాకా వేరే జంతువు దగ్గరకు రాకూడదు.

దూది డబ్బా మేము పూర్తిగా మానేశాము. పొడి దూదిని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి ఆటోక్లేవ్ (ఒత్తిడి మీది ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) చేసి, వాడే సమయంలోనే ద్రావణం పోసుకుంటాము. డబ్బా తప్పదనుకునేవారు ప్రతి సాయంత్రం మిగిలిన దూదిని పారేసి, డబ్బాను కడిగి, వేడితో శుద్ధి చేసి, బాగా ఆరిన తరువాతే మర్నాడు నింపాలి. ద్రవ సబ్బు సీసాలకు, పలుచన చేసిన క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్ అనే క్రిమినాశక ద్రావణాల సీసాలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది: పైనుంచి కలపకూడదు, ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపి, నింపిన తేదీని సీసా మీద రాయాలి. క్యానులా (సిరలో ఉంచే సన్నని గొట్టం) కడగడానికి ఒకే సెలైన్ సీసాకు సూది గుచ్చి వదిలేసి రోజంతా అందరికీ అందులోంచే లాగడం ఇంకా ప్రమాదకరం. ఆ సూది ఒక తెరిచిన తలుపు. వేసవిలో పార్వో వచ్చిన కుక్కపిల్లలు వరుసగా సెలైన్ ఎక్కించుకుంటూ పడుకున్నప్పుడు ఆ ఒక్క సీసా అందరి రక్తంలోకీ దారి చూపుతుంది.

వెంట్రుకలు కత్తిరించే క్లిప్పరు బ్లేడు మూడో ముద్దాయి. పుండు చుట్టూ గొరిగిన తరువాత బ్లేడును విప్పి, బ్రష్‌తో వెంట్రుకలు తీసి, కడిగి, క్రిమిసంహారకంలో ఉంచి, ఆరబెట్టి మాత్రమే మరో జంతువుకు వాడాలి. రెండు బ్లేడులు కొనుక్కుంటే పని ఆగదు.

బల్ల, నేల, బోను

శుభ్రపరచడం ఒక పని, క్రిమిసంహారం మరొక పని. మలం, రక్తం, వెంట్రుకలు ఉన్న చోట ఎంత బ్లీచింగ్ పోసినా అది ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. కాబట్టి మొదట మురికిని కాగితంతో ఎత్తేసి, సర్ఫు నీళ్లతో రుద్ది, మామూలు నీళ్లతో కడిగి, నీరు తుడిచిన తరువాతే క్రిమిసంహారకం వేసి, కనీసం పది నిమిషాలు తడిగా ఉంచాలి. బజారులో 5 శాతం అని రాసి ఉండే సోడియం హైపోక్లోరైట్ అయితే, 20 మిల్లీలీటర్లు తీసుకొని మొత్తం ఒక లీటరు అయ్యేలా నీళ్లు కలిపితే 0.1 శాతం ద్రావణం వస్తుంది. బల్లలకు, బోనులకు అది చాలు. రక్తం ఒలికిన చోట దానికి అయిదు రెట్ల గాఢత కావాలి. మన ఎండలకు ఈ ద్రావణం త్వరగా బలం కోల్పోతుంది కనుక ఏ రోజుది ఆ రోజే కలుపుకొని, డబ్బాను నీడలో ఉంచాలి. మూత్రం మడుగు మీద నేరుగా బ్లీచింగ్ పోయకూడదు, యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు. రెండు సందర్భాలలోనూ ఊపిరితిత్తులను పాడుచేసే విషవాయువులు పుడతాయి.

ఫినాయిల్ గురించి విడిగా చెప్పవలసి ఉంది. నల్ల ఫినాయిల్ వంటి ఫినాల్ జాతి ద్రావణాలు పిల్లులకు విషం. తడి నేల మీద నడిచిన పిల్లి పాదాలను నాకుతుంది, ఆ విషాన్ని దాని కాలేయం తట్టుకోలేదు. పిల్లులను ఉంచే బోనులలో, గదులలో దానిని వాడకూడదు.

నేల తుడిచే మాపును మురికి నీళ్ల బకెట్టులో రాత్రంతా నిలబెట్టి ఉంచితే, తెల్లవారేసరికి అదే పెద్ద బాక్టీరియా తొట్టి అవుతుంది. దానిని ఉతికి ఎండలో ఆరవేయాలి. కడిగే నీళ్లకు ఒక బకెట్టు, మందు నీళ్లకు ఒక బకెట్టు పెట్టుకోవాలి. శుభ్రమైన గది నుంచి మొదలుపెట్టి, జబ్బు జంతువుల గదితో ముగించాలి. వానాకాలంలో ఆటోక్లేవ్ నుంచి తీసిన గుడ్డ పొట్లాలు తడిగా ఉంటే అవి శుద్ధమైనవి కావని గుర్తుంచుకొని, మళ్లీ ఆటోక్లేవ్‌లో పెట్టాలి. తడి గుడ్డ గుండా బాక్టీరియా సులభంగా లోపలికి వెళ్తుంది.

లొంగని బాక్టీరియా ఉన్న జంతువు వచ్చినప్పుడు

నివేదికలో ఎంఆర్‌ఎస్‌పీ అనో, ఈఎస్‌బీఎల్ అనో ఉన్న జంతువును ఆ రోజు చివరి కేసుగా రమ్మనాలి. వేచి ఉండే గదిలో కూర్చోబెట్టకుండా, ఆటోలోనో కారులోనో ఉంచి, పిలిచినప్పుడు నేరుగా పరీక్ష గదికి తీసుకురమ్మని యజమానికి ముందే ఫోనులో చెప్పాలి. గాయాన్ని పూర్తిగా కప్పి తీసుకురావాలి. గదిలో అవసరమైన వస్తువులు మాత్రమే బల్ల మీద పెట్టుకొని, మిగిలినవి ముందే తీసేయాలి. ఇద్దరి కంటే ఎక్కువమంది ఉండకూడదు. ఆ ఇద్దరూ గ్లౌజులు, ఏప్రాన్ వేసుకొని, బయటకు రాకముందే వాటిని తీసేయాలి. స్టెతస్కోపును ఆ తరువాత ఆల్కహాల్‌తో తుడవాలి. చేర్చుకోవలసి వస్తే మూల బోను ఇచ్చి, దాని గిన్నె, తాడు, దుప్పటి వేరుగా ఉంచి, దానిని చూసే మనిషిని ఒక్కరినే నియమించాలి. దుప్పట్లను 60 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరబెట్టాలి.

చీము పట్టిన కట్లు పసుపు సంచిలో, సెలైన్ గొట్టాలు, గ్లౌజులు ఎరుపు సంచిలో, సూదులు, గుచ్చినా చిల్లు పడని తెల్లటి డబ్బాలో, మందు సీసాలు నీలం డబ్బాలో వేయాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు పశువైద్యశాలలకూ వర్తిస్తాయి. వీధి చివర చెత్త కుండీలో వేసిన కట్టును వీధి కుక్క లాక్కెళ్తుంది.

నమూనా, నివేదిక, మందు

యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే నమూనా తీయాలి. పుండు పైన కారుతున్న చీమును కాక, సెలైన్‌తో కడిగిన తరువాత లోతు నుంచి తీయాలి. మూత్రమైతే సూదితో నేరుగా మూత్రాశయం నుంచి తీసి, వెంటనే ప్రయోగశాలకు చేర్చలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టి, 24 గంటలలోపు అందించాలి. తీసేసిన మూత్ర గొట్టం కొనను కల్చర్‌కు (బాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు) పంపకూడదు. గొట్టం మీద పేరుకున్నది జబ్బుకు కారణమని చెప్పలేము. కల్చర్ నమూనాను ఫార్మలిన్‌లో వేస్తే అందులో బతికేది ఏదీ ఉండదు. విజయవాడకు దగ్గరలోనే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. నమూనా ఎలా, ఏ వేళకు తేవాలో ముందుగా అడిగి తీసుకువెళ్లడం మంచిది. మనుషుల ల్యాబుకు పంపవలసి వస్తే అది కుక్క నమూనా అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయాలి. సూడింటర్‌మీడియస్‌ను ఆరియస్‌గా పొరబడడం అక్కడ జరగవచ్చు. పైగా సూడింటర్‌మీడియస్‌లో మెథిసిలిన్ నిరోధకతను సెఫాక్సిటిన్ మందు అద్దిన పరీక్ష బిళ్లతో కాక ఆక్సాసిలిన్ అనే మందుతో చూడాలని అడగాలి.

నివేదిక రావడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజులే పశువైద్యునికి అసలు పరీక్ష. "డాక్టరు గారూ, పోయినసారి వేసిన పెద్ద ఇంజక్షనే వేసేయండి, రేపు పెళ్లికి ఊరెళ్లాలి" అని యజమాని అడుగుతారు. జ్వరం లేక, తింటూ తిరుగుతున్న కుక్కకు చర్మం మీది పైపై చీముపొక్కులకు ఇంజక్షన్ అవసరం లేదు. 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో వారానికి రెండు మూడుసార్లు స్నానం చేయించి, ప్రతిసారీ నురగను పది నిమిషాలు ఉంచి కడిగితే చాలా కేసులు దానితోనే తగ్గుతాయి, ఎంఆర్‌ఎస్‌పీ కేసులు కూడా. ఈ మాటను నమ్మకంగా చెప్పి, ఆ పది నిమిషాలను గడియారం చూసి లెక్కపెట్టమని యజమానికి నేర్పాలి; రెండు నిమిషాలకే కడిగేసి షాంపూ పనిచేయలేదనేవారు చాలామంది. చీముగడ్డ అయితే కోసి ఖాళీ చేయడమే వైద్యం. చిన్న కుక్కపిల్లకు వచ్చే మామూలు విరేచనాలలో ఎక్కువ వాటికి యాంటీబయాటిక్ అక్కరలేదు. మరోవైపు, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకి జంతువు కూలబడితే నివేదిక కోసం ఆగకూడదు. నమూనా తీసి వెంటనే మందు మొదలుపెట్టి, నివేదిక వచ్చాక దానికి తగిన, కొద్ది రకాల బాక్టీరియా మీదే పనిచేసే మందుకు మార్చాలి. నమూనాలో లొంగని బాక్టీరియా కనిపించినా జబ్బు లక్షణాలు లేకపోతే, దానిని వదిలించాలని యాంటీబయాటిక్ ఇవ్వకూడదు.

ఆపరేషన్ల విషయంలో మన అలవాటు ఎక్కువ హాని చేస్తున్నదని నా అభిప్రాయం. శుద్ధమైన పరికరాలతో త్వరగా ముగిసే శుభ్రమైన ఆపరేషన్‌కు ఆరోగ్యమైన జంతువులో యాంటీబయాటిక్ తప్పనిసరి కాదు. అవసరమనుకున్నప్పుడు కోతకు ముందు గంటలోపు సిర ద్వారా ఇవ్వాలి, అప్పుడే కోసే సమయానికి కణజాలంలో మందు ఉంటుంది. కుట్లు వేసిన తరువాత అయిదు రోజులు రాసే మందు గడిచిపోయిన కోతను కాపాడదు. వెంట్రుకలను ముందు రోజు రాత్రి రేజరుతో గొరగకుండా, మత్తు ఇచ్చిన తరువాత క్లిప్పరుతో తీస్తే చర్మం మీద చిన్న గీతలు పడవు.

పాడి పశువు ఉన్న ఇంట

తెనాలి వైపు, కంకిపాడు వైపు గేదె పొదుగు వాచిందంటే ముందుగా పొదుగులోకి ఎక్కించే మందు ట్యూబు కొంటారు. పాలలో గడ్డలు కనిపించగానే మొదట పాల నమూనా తీయించాలి. వైద్యం జరుగుతున్న గేదెను చివరగా పితకాలి. తొలి ధారలను నేల మీద కాక ఒక గిన్నెలో పిండి చూడాలి. నేల మీద పిండిన ధారలోని బాక్టీరియాపైనే పక్క గేదె పడుకుంటుంది. ఒకే గుడ్డతో అన్ని పొదుగులూ తుడవకూడదు. పితికిన తరువాత చనుమొనలను అయోడిన్ ద్రావణంలో ముంచి, వెంటనే మేత వేసి అరగంట సేపు నిలబడేలా చూస్తే, చనుమొన రంధ్రం మూసుకునేలోగా పేడ తగలకుండా ఉంటుంది. మందు ఆపాక ఎన్ని రోజులు పాలు వాడకూడదని సీసా మీద రాసి ఉంటుందో, ఆ గడువు ముగిసేదాకా పాలు కేంద్రానికి పోయకూడదు. కాచితే బాక్టీరియా చస్తుంది గాని, పాలలోని మందు అవశేషాలు చాలా వరకు అలాగే ఉంటాయి. ఆ పాలను దూడకు తాగించడం కూడా తప్పే, ఎందుకంటే తక్కువ మోతాదు మందుతో దాని పేగులో లొంగని బాక్టీరియాను మనమే పెంచినట్లవుతుంది. గ్రామంలో పశువైద్యుడు అందుబాటులో లేకపోతే, దాచి ఉంచిన పాత సీసా తీయకుండా 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు.

ఇంట్లో మనుషులు, ఆసుపత్రి సిబ్బంది

లొంగని బాక్టీరియా ఉందన్న కారణంగా కుక్కను వదిలించుకోవలసిన అవసరం లేదు. ఆరోగ్యవంతులకు దాని వల్ల ముప్పు తక్కువ. అయితే ఇంట్లో పసిబిడ్డ, కాన్సర్ మందులు వాడేవారు, డయాలిసిస్ చేయించుకునేవారు, కాలి పుండు మానని చక్కెర వ్యాధి ఉన్నవారు ఉంటే, కుక్క గాయం మానేవరకు వారు దాని కట్టు విప్పకూడదు, దానితో ఒకే మంచం మీద పడుకోకూడదు, తమ పుండును నాకనివ్వకూడదు. చికెన్ షాపు నుంచి తెచ్చే కాళ్లు, తలలు, పేగులు పచ్చిగా పెట్టడం మానాలి. పచ్చి కోడి మాంసం ద్వారా ఈఎస్‌బీఎల్ ఇ.కొలై కుక్క పేగులోకి చేరుతుంది. బాగా ఉడికించి పెడితే ఆ దారి మూసుకుంటుంది.

పశువులతో పనిచేసేవారికి మానని సెగగడ్డ గాని, మూత్రంలో మంట గాని వస్తే, తాను పశువుల ఆసుపత్రిలో పనిచేస్తున్నానని వైద్యునికి మొదటి మాటగా చెప్పాలి. ఆ ఒక్క మాటతో వైద్యుడు ముందే కల్చర్ రాసే అవకాశం ఉంటుంది. చేతికి తెగిన గాయం ఉన్నవారు దానిని నీరు చొరని పట్టీతో కప్పి, పైన గ్లౌజు వేసుకోవాలి. పని గదిలో టీ తాగకూడదు, ఆసుపత్రి దుస్తులతో ఇంటికి వెళ్లకూడదు.

జంతువును ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో బాక్టీరియా పేరు, ఏ మందులకు లొంగలేదో, ఏ మందులకు లొంగిందో, నమూనా తీసిన తేదీ రాయాలి. యజమాని వేరే వైద్యుని దగ్గరకు వెళ్లదలిస్తే, జంతువు అక్కడికి చేరకముందే ఆ వైద్యునికి ఫోను చేసి చెప్పాలి. మా దగ్గర ఒక పొడవాటి పుస్తకంలో తేదీ, జంతువు, గాయం చోటు, బాక్టీరియా, చూసిన మనిషి అన్న అయిదు గడులు గీసి, ప్రతి నివేదికనూ అందులో రాస్తున్నాము. ఒకే బాక్టీరియా అవే మందులకు లొంగకుండా నెలలో రెండోసారి కనిపిస్తే, కొత్త మందు కోసం చూడకుండా ఆ రెండు జంతువులనూ తాకిన వస్తువులన్నిటినీ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటిగా వెతుకుతాము.